లినక్స్ నెట్‌వర్కింగ్ కోడ్‌లో ఎర్రర్ పాత్ బగ్గులు: వెతకడం, సరిచేయడం, పరీక్షించడం

నెట్‌వర్క్ డ్రైవర్‌లో ప్యాకెట్ సజావుగా వెళ్లే దారి ప్రతి క్షణం నడుస్తూనే ఉంటుంది. అందులో తప్పుంటే ఆ రోజే బయటపడుతుంది. మెమరీ దొరకనప్పుడో, డీఎంఏ మ్యాపింగ్ (కార్డు మెమరీని నేరుగా చదివేలా చిరునామా ఏర్పాటు) కుదరనప్పుడో మాత్రమే నడిచే నాలుగు లైన్ల, అంటే ఎర్రర్ పాత్ సంగతి వేరు. రాసిన నాటి నుంచి ఒక్కసారీ నడవకుండానే అవి ఏళ్ల తరబడి కెర్నల్‌లో ఉండిపోతాయి. నడిచిన రోజున మెమరీ లీకవుతుంది, లేదా ఒకే బఫర్ రెండుసార్లు ఫ్రీ అవుతుంది, లేదా లాక్ విప్పకుండానే ఫంక్షన్ వెళ్లిపోతుంది.

వీటిని వెతికేటప్పుడు విఫలమయ్యే అవకాశమున్న ప్రతి కాల్ దగ్గరా ఆగి రెండు సంగతులు తేల్చుకోండి. ఈ లైను దగ్గర మన చేతిలో ఏమేం ఉన్నాయి: మెమరీ, లాకులు, రిఫరెన్సులు, రిజిస్ట్రేషన్లు? విఫలమైన ఫంక్షన్ వాటిలో దేన్నైనా తనే ఫ్రీ చేసి వెళ్లిందా? రెండోదానికి జవాబు ఫంక్షన్ పేరు చూస్తే తెలియదు, లోపలికెళ్లి కోడ్ చదవాల్సిందే. లీక్ సరిచేయబోయి డబుల్ ఫ్రీ తెచ్చిపెట్టే పాచ్‌లు చాలావరకు ఈ చదువు ఎగ్గొట్టినవే.

ప్రోబ్, ఓపెన్

ముందు డ్రైవర్ ప్రోబ్ ఫంక్షన్‌తో (పరికరం దొరికినప్పుడు కెర్నల్ పిలిచేది) మొదలుపెట్టండి. పీసీఐ ఈథర్నెట్ కార్డుకి వరస సాధారణంగా ఇలా ఉంటుంది: పీసీఐ_ఎనేబుల్_డివైస్, పీసీఐ_రిక్వెస్ట్_రీజియన్స్, అలాక్_ఈథర్‌డెవ్ (నెట్‌డెవ్, అంటే ఇంటర్‌ఫేస్‌ను సూచించే స్ట్రక్చర్, కేటాయింపు), రిజిస్టర్ల మ్యాపింగ్, ఎండీఐఓ బస్సు (ఫిజికల్ లేయర్ చిప్‌తో మాట్లాడే దారి) రిజిస్ట్రేషన్, నాపీ (ప్యాకెట్లను విడతలుగా తీసుకునే యంత్రాంగం) చేర్చడం, చివర్లో రిజిస్టర్_నెట్‌డెవ్. విఫలమైతే గోటూతో కింది లేబుల్‌కి దూకి, అప్పటిదాకా చేసినవాటిని తిరగేసి విప్పుకుంటూ రావాలి. రిజిస్టర్_నెట్‌డెవ్ విఫలమైతే మొదట ఎండీఐఓ బస్సు తీసేయాలి, తర్వాత మ్యాపింగ్ విప్పాలి, తర్వాత ఫ్రీ_నెట్‌డెవ్, ఆపైన రీజియన్లు, చివరగా డివైస్ డిసేబుల్. నాపీని విడిగా తీసేయకపోయినా ఫ్రీ_నెట్‌డెవ్ ఆ పని చేస్తుంది, అది లీక్ కాదు.

మొదటిసారి రాసిన వ్యక్తి ఈ వరసను మామూలుగా సరిగ్గానే రాస్తాడు. రెండేళ్ల తర్వాత ఇంకొకరు మధ్యలో ఒక కొత్త అడుగు చేర్చి, దాని కింద ఉన్న గోటూలను పాత లేబుల్‌కే వదిలేసినప్పుడు బగ్ పుడుతుంది. దీన్ని పట్టడానికి ప్రోబ్‌నీ, పరికరం తీసేసేటప్పుడు నడిచే రిమూవ్‌నీ పక్కపక్క విండోల్లో తెరిచి పెట్టుకోండి. రిమూవ్‌లో విప్పే ప్రతిదీ ప్రోబ్ లేబుళ్ల కిందా ఉండాలి, ఒక్క అన్‌రిజిస్టర్_నెట్‌డెవ్ తప్ప. రిమూవ్‌లో ఉండి లేబుళ్లలో లేనిది కనిపిస్తే చాలాసార్లు అదే లీక్. లేబుళ్లకి ఎర్ర్1, ఎర్ర్2 అని పేర్లు పెట్టిన కోడ్‌లో ఈ పోలిక నరకం. అక్కడ ఏం విప్పుతున్నారో అదే పేరుగా ఉంటే తప్పు కంటికే తెలుస్తుంది.

ఫ్రీ_నెట్‌డెవ్ స్థానాన్ని ప్రత్యేకంగా చూడండి. డ్రైవర్ సొంత డేటా నెట్‌డెవ్ కోసం కేటాయించిన మెమరీలోనే ఉంటుంది. ముందు ఫ్రీ_నెట్‌డెవ్ పిలిచి, తర్వాత ఆ డేటాలోంచి రిజిస్టర్ల పాయింటర్ తీసి మ్యాపింగ్ విప్పితే అది యూజ్ ఆఫ్టర్ ఫ్రీ. చాలా మెషీన్లలో పనిచేసినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఫ్రీ అయిన మెమరీని అప్పటికింకా ఎవరూ తిరగరాసి ఉండరు.

ప్రోబ్ విఫలమైతే కెర్నల్ రిమూవ్‌ను పిలవదు. ఇంటర్‌ఫేస్ అప్ చేసేటప్పుడు నడిచే ఎన్‌డీఓ_ఓపెన్ విఫలమైతే, డౌన్ చేసేటప్పుడు నడిచే ఎన్‌డీఓ_స్టాప్‌ను కూడా పిలవదు. ఓపెన్‌లో నాపీ ఎనేబుల్ చేశాక ఇంటరప్ట్ అడిగితే అది దొరకలేదనుకోండి. నాపీని డిసేబుల్ చేయకుండా ఎర్రర్ తిప్పి పంపితే అప్పటికి ఏమీ కాదు. ఎవరో మళ్లీ ఇంటర్‌ఫేస్ అప్ చేసినప్పుడు నాపీ_ఎనేబుల్ లోపలి బగ్_ఆన్ తగిలి క్రాష్ అవుతుంది. దీనికి భయపడి రెండు చోట్లా నాపీ_డిసేబుల్ పెడితే ఇంకో గొడవ: ఒకసారి డిసేబుల్ అయిన నాపీని మళ్లీ డిసేబుల్ చేయబోతే ఆ కాల్ ఎప్పటికీ తిరిగి రాదు. అప్పటికి ఆర్‌టీఎన్‌ఎల్ లాక్ (నెట్‌వర్క్ సెట్టింగుల మార్పులను కాపాడే ఉమ్మడి లాక్) చేతిలో ఉంటుంది కనుక ఆ లాక్ కోసం వచ్చే ఐపీ కమాండ్లన్నీ దాని వెనకే క్యూ కడతాయి.

డెవ్ఎమ్ రకం ఫంక్షన్లు ఇదంతా తీర్చేస్తాయని ఒక నమ్మకం ఉంది. అవి ప్రోబ్ విఫలమై తిరిగి వచ్చాక, లేదా రిమూవ్ పూర్తయ్యాక, తీసుకున్న వరసకి ఎదురుగా వదిలేస్తాయి. అన్నీ డెవ్ఎమ్ రకమే అయితే ఫర్వాలేదు, కలిపి వాడితేనే తంటా. నెట్‌డెవ్‌ను మామూలు అలాక్_ఈథర్‌డెవ్‌తో, ఇంటరప్ట్‌ను డెవ్ఎమ్‌తో తీసుకుంటే, లేబుల్ కింద ఫ్రీ_నెట్‌డెవ్ ముందు నడుస్తుంది, ఇంటరప్ట్ ఆ తర్వాత పోతుంది. ఆ సందులో షేర్డ్ ఇంటరప్ట్ ఒకటి వస్తే హ్యాండ్లర్ ఫ్రీ అయిన డేటాని తాకుతుంది. లినక్స్ నెట్‌వర్కింగ్ మెయింటైనర్లు ఇలాంటి ఆటోమేటిక్ క్లీనప్ ఏపీఐల మీద తమకు అనుమానమేనని డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు. కాబట్టి ఉన్న గోటూల్ని డెవ్ఎమ్‌కి మార్చడాన్ని బగ్ ఫిక్స్ పేరుతో పంపకండి.

రిటర్న్ విలువలు

లేబుళ్లన్నీ సరిగ్గా ఉన్నా, చివర్లో తిరిగి పంపే విలువ తప్పయితే శ్రమంతా వృథా. ఎక్కువగా కనిపించేది ఇది: పై కాల్ విజయవంతమై రెట్ వేరియబుల్‌లో 0 ఉంది, తర్వాతి కాల్ నల్ ఇచ్చింది, కోడ్ రెట్‌లో ఏమీ పెట్టకుండా గోటూ చేసింది. ప్రోబ్ అన్నీ ఫ్రీ చేసేసి 0 పంపుతుంది. డ్రైవర్ కోర్ దాన్ని విజయమనుకుంటుంది. మాడ్యూల్ తీసేసే రోజున రిమూవ్ నడిచి, ఎప్పుడో ఫ్రీ అయిన మెమరీ మీద పడుతుంది. స్మాచ్ అనే స్టాటిక్ టూల్ ఈ రకాన్ని బాగా పడుతుంది.

తర్వాతది నల్, ఎర్రర్ పాయింటర్ల (ఎర్రర్ కోడ్‌ను పాయింటర్ రూపంలో దాచిన విలువల) తికమక. డెవ్ఎమ్_ఐఓరీమ్యాప్ విఫలమైతే నల్ ఇస్తుంది, డెవ్ఎమ్_ఐఓరీమ్యాప్_రిసోర్స్ విఫలమైతే ఎర్రర్ పాయింటర్ ఇస్తుంది. పేర్లు చూస్తే కవలలు, పరీక్షలు మాత్రం వేరు. ఒకదాన్ని రెండోదానిగా మార్చే పాచ్‌లో చెక్ మార్చడం మరచిపోతే, విఫలమైన పాయింటర్ చెక్ దాటి ముందుకెళ్లిపోతుంది. ఎందుకైనా మంచిదని ఈజ్_ఎర్ర్_ఆర్_నల్ వాడితే, నల్ వచ్చినప్పుడు పీటీఆర్_ఎర్ర్ విలువ 0 అవుతుంది, మళ్లీ మొదటి బగ్గే. అది కనిపించిన ప్రతిచోటా ఆ ఫంక్షన్ నిజంగా ఏం ఇస్తుందో చదివి, ఒక్క చెక్కే ఉంచండి.

మిగతావి చకచకా చూసుకోవచ్చు. ప్లాట్‌ఫామ్_గెట్_ఐఆర్‌క్యూ ఫలితాన్ని అన్‌సైన్డ్ వేరియబుల్‌లో పెడితే "సున్నా కంటే తక్కువా" అన్న చెక్ ఎప్పటికీ నిజం కాదు. కాపీ_ఫ్రమ్_యూజర్ ఎర్రర్ కోడ్ ఇవ్వదు, కాపీ కాని బైట్ల సంఖ్య ఇస్తుంది. దాన్ని అలాగే పైకి పంపకుండా -ఈఫాల్ట్ పంపాలి. -1 అని రాస్తే అది -ఈపెర్మ్ అవుతుంది, యూజర్ అనుమతుల సమస్య అనుకుని దారి తప్పుతాడు. -ఈనాట్‌సప్ కెర్నల్ లోపలి కోడ్, విలువ 524. యూజర్‌కి "అన్‌నోన్ ఎర్రర్ 524" అని కనిపిస్తుంది. బయటకు వెళ్లాల్సింది -ఈఆప్‌నాట్‌సప్.

ఎస్‌కేబీ ఎవరిది?

నెట్‌వర్కింగ్‌లో అసలు చిక్కంతా ఇక్కడే. ప్యాకెట్‌ను మోసే ఎస్‌కేబీ చేతులు మారుతూ ఉంటుంది. విఫలమైనప్పుడు దాన్ని ఎవరు ఫ్రీ చేయాలన్నది ఫంక్షన్‌ను బట్టి మారుతుంది.

ట్రాన్స్‌మిట్ ఫంక్షన్ నియమం ఇది: నెట్‌డెవ్_టీఎక్స్_ఓకే పంపితే ఎస్‌కేబీ డ్రైవర్ సొంతమైపోయినట్టు, నెట్‌డెవ్_టీఎక్స్_బిజీ పంపితే అది ఇంకా నెట్‌వర్క్ స్టాక్ సొంతమే. ప్యాకెట్ పంపలేక డ్రాప్ చేస్తే డెవ్_కేఫ్రీ_ఎస్‌కేబీ_ఎనీతో ఫ్రీ చేసి, టీఎక్స్_డ్రాప్డ్ లెక్క పెంచి, ఓకే అనే పంపాలి. ఫ్రీ చేసి బిజీ పంపితే స్టాక్ అదే ఎస్‌కేబీని మళ్లీ పంపడానికి తెస్తుంది, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ. ఫ్రీ చేయకుండా -ఈనోమెమ్ పంపితే లీక్, ఎందుకంటే రుణాత్మక విలువ వచ్చినా ప్యాకెట్ ఖర్చయిపోయిందనే స్టాక్ భావిస్తుంది. బిజీ అన్నది రింగ్ (కార్డుకి అప్పగించే డిస్క్రిప్టర్ల వలయం) నిండినప్పటి మాట. అదీ క్యూను ముందే ఆపడంలో లోపముంటేనే వస్తుంది. మెమరీ దొరకనందుకు బిజీ పంపకూడదు.

సహాయక ఫంక్షన్లలో ఈ తేడా గుర్తుంచుకోండి. ఎస్‌కేబీ_పుట్_పాడ్‌టో, ఈథ్_ఎస్‌కేబీ_పాడ్ విఫలమైతే ఎస్‌కేబీని అవే ఫ్రీ చేసేస్తాయి. మీరు ఓకే పంపి ఊరుకోవాలి. ఎస్‌కేబీ_షేర్_చెక్, ఎస్‌కేబీ_అన్‌షేర్, ఎస్‌కేబీ_ఎక్స్‌పాండ్_హెడ్ కూడా అంతే. ఎస్‌కేబీ_లీనియరైజ్, ఎస్‌కేబీ_కౌ_హెడ్, పీఎస్‌కేబీ_మే_పుల్ మాత్రం ఫ్రీ చేయవు, ఆ పని మీదే. ఇదే తికమక వేరే సిస్టమ్‌లలోనూ ఉంది: ఫ్రీబీఎస్‌డీలో ఎమ్_పుల్అప్ విఫలమైతే ఎంబఫ్ (అక్కడి ప్యాకెట్ బఫర్) గొలుసు మొత్తాన్ని ఫ్రీ చేసి నల్ ఇస్తుంది. లినక్స్ అలవాటుతో అక్కడ మళ్లీ ఫ్రీ చేస్తే డబుల్ ఫ్రీ.

పీఎస్‌కేబీ_మే_పుల్ విజయవంతమైనా ఒక ఉచ్చు ఉంది. అది డేటా ఏరియాని వేరే చోటికి మార్చి ఉండొచ్చు, కాబట్టి అంతకుముందు తీసుకున్న ఐపీ హెడర్ పాయింటర్ చెల్లదు. కాల్ తర్వాత హెడర్‌ను మళ్లీ తీసుకోండి. కొత్త కెర్నళ్లలో ఫెయిల్_ఎస్‌కేబీ_రీఅలాక్ అనే ఫాల్ట్ ఇంజెక్షన్ (కావాలని తప్పు రప్పించే సదుపాయం) ఇలాంటి చోట్ల డేటాని బలవంతంగా తరలించి ఈ పాత పాయింటర్లను బయటపెడుతుంది.

స్వీకరించే వైపు తప్పు ఇంకో రకం. కొత్త బఫర్ దొరకనప్పుడు ఆ ప్యాకెట్‌ను వదులుకుని, పాత బఫర్‌నే రింగ్‌లో తిరిగి పెట్టి, ఆర్ఎక్స్_డ్రాప్డ్ పెంచాలి. దాని బదులు ఆ స్లాట్‌ను ఖాళీగా వదిలేసే డ్రైవర్లున్నాయి. మెమరీ ఒత్తిడి కాసేపు కొనసాగితే రింగ్ మొత్తం ఖాళీ అవుతుంది. హార్డ్‌వేర్ ప్యాకెట్లు పెట్టడానికి చోటుండదు, ఇంటరప్ట్ రాదు. ఇంటరప్ట్ రాకపోతే రింగ్ నింపే కోడ్ నడవదు. మెమరీ మళ్లీ దొరికినా ఇంటర్‌ఫేస్ మూగగానే ఉండిపోతుంది.

డీఎంఏ వెనక్కి విప్పడం

ఒక ఎస్‌కేబీకి హెడ్ (మొదటి భాగం), మూడు ఫ్రాగ్మెంట్లు (విడి పేజీల్లోని మిగతా డేటా) ఉన్నాయనుకోండి. హెడ్‌ను డీఎంఏ_మ్యాప్_సింగిల్‌తో, ఫ్రాగ్మెంట్లను ఎస్‌కేబీ_ఫ్రాగ్_డీఎంఏ_మ్యాప్‌తో మ్యాప్ చేశారు. లూప్ వేరియబుల్ ఐ విలువ 2 దగ్గర, అంటే మూడో ఫ్రాగ్మెంట్ దగ్గర, మ్యాపింగ్ విఫలమైంది. ఇప్పుడు విప్పాల్సినవి 1, 0 నంబర్ల ఫ్రాగ్మెంట్లు, తర్వాత హెడ్. విఫలమైన 2ను తాకకూడదు. "ఐని ముందు తగ్గించు, సున్నా కంటే ఎక్కువైతే తిరుగు" అని రాసిన లూప్ 0ను వదిలేస్తుంది. "సున్నా లేదా అంతకంటే ఎక్కువైతే తిరుగు" అని సరిచేస్తే, ఐ అన్‌సైన్డ్ అయినప్పుడు ఆ లూప్ ఆగదు. ఐ విలువను ముందు పరీక్షించి ఆ తర్వాత తగ్గించే రూపం రెండు సందర్భాల్లోనూ సరిగ్గా పనిచేస్తుంది. ఫ్రాగ్మెంట్లకి అన్‌మ్యాప్_పేజ్, హెడ్‌కి అన్‌మ్యాప్_సింగిల్ వాడాలి, పొడవు మ్యాప్ చేసినప్పటిదే ఇవ్వాలి.

రింగ్ ఇండెక్స్‌తో వెనక్కి నడిచేటప్పుడు ఇంకోటి చూడండి: రింగ్ మొదటి స్లాట్ నుంచి వెనక్కి వెళ్తే చివరి స్లాట్ రావాలి. మాస్క్ వేయకుండా ఒకటి తీసేస్తే శ్రేణి బయటకు పోతారు. మొదటి డిస్క్రిప్టర్‌ను హార్డ్‌వేర్‌కి అప్పగించే బిట్‌ను అన్నింటికంటే చివర్లోనే రాయాలి. ముందే రాస్తే మీరు విప్పేలోపు కార్డు సగం ప్యాకెట్ పంపడం మొదలెడుతుంది. మ్యాపింగ్ చిరునామాను 0తో పోల్చి విఫలమైందో లేదో తేల్చకండి, డీఎంఏ_మ్యాపింగ్_ఎర్రర్‌తోనే పరీక్షించాలి.

ఇక్కడే రెండు లోతైన బగ్గులున్నాయి. పంపిన బైట్లను క్యూ లెక్కలో చేర్చే నెట్‌డెవ్_టీఎక్స్_సెంట్_క్యూను మ్యాపింగ్ కంటే ముందే పిలిచి, తర్వాత ప్యాకెట్‌ను డ్రాప్ చేస్తే, ఆ బైట్లు పూర్తయినట్టు ఎవరూ చెప్పరు. బైట్ల లెక్క పెరుగుతూపోయి ఒక రోజు క్యూ ఆగిపోతుంది, లాగ్‌లో ట్రాన్స్‌మిట్ క్యూ టైమవుట్ అని వాచ్‌డాగ్ సందేశం కనిపిస్తుంది. రెండోది డోర్‌బెల్, అంటే రింగ్‌లో కొత్త ప్యాకెట్లున్నాయని కార్డుకి చెప్పే రిజిస్టర్ రాత. ఇంకా ప్యాకెట్లు వస్తున్నాయని స్టాక్ చెప్పినందున ముందు ప్యాకెట్లకి డోర్‌బెల్ కొట్టలేదు, చివరి ప్యాకెట్ మ్యాపింగ్ విఫలమై ఎర్రర్ పాత్‌లోకి వెళ్లింది. అక్కడా డోర్‌బెల్ కొట్టకపోతే ముందున్నవన్నీ తర్వాతి ట్రాన్స్‌మిట్ దాకా రింగ్‌లోనే పడి ఉంటాయి. డ్రాప్ చేసే దారిలోనూ, పెండింగ్ ఉంటే, డోర్‌బెల్ కొట్టాలి.

రిఫరెన్సులు, నెట్‌లింక్

డెవ్_గెట్_బై_నేమ్ రిఫరెన్స్ తీసుకుంటుంది, మధ్యలో వెనుదిరిగితే డెవ్_పుట్ మీ బాధ్యత. మరచిపోతే ఆ ఇంటర్‌ఫేస్ తీసేసేటప్పుడు, అది ఫ్రీ అయ్యేదాకా వేచి చూస్తున్నామంటూ అన్‌రిజిస్టర్_నెట్‌డివైస్ సందేశం ప్రతి 10 సెకన్లకీ లాగ్‌లో పడుతుంది. డివైస్ ట్రీ (బోర్డు హార్డ్‌వేర్ వర్ణన) పిల్లల మీద తిరిగే లూప్ మధ్యలోంచి రిటర్న్ చేస్తే ఆఫ్_నోడ్_పుట్ పిలవాలి. డివైస్_రిజిస్టర్ విఫలమైతే కేఫ్రీ కాదు, పుట్_డివైస్.

నెట్‌లింక్ (కెర్నల్, యూజర్ ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే దారి) సందేశం నింపుతూ మధ్యలో చోటు చాలకపోతే తెరిచిన నెస్ట్‌ను (లోపలి గుంపును), సందేశాన్ని రద్దు చేసి -ఈఎంఎస్‌జీసైజ్ పంపాలి. డంప్‌లో (జాబితా మొత్తాన్ని విడతలుగా పంపేటప్పుడు) అయితే అప్పటికే కొన్ని వస్తువులు పట్టి ఉంటే ఎస్‌కేబీ పొడవు పంపండి, మిగతాది తర్వాతి విడతలో వెళ్తుంది. ఒక్కటీ పట్టకపోతే ఎర్రరే. జెన్ఎల్ఎంఎస్‌జీ_రిప్లై విఫలమైనా ఎస్‌కేబీని అదే ఫ్రీ చేస్తుంది. దాని ఫలితాన్ని పరీక్షించి ఎన్ఎల్ఎంఎస్‌జీ_ఫ్రీ లేబుల్‌కి దూకే కోడ్ కనిపిస్తే అది డబుల్ ఫ్రీ.

ఎర్రర్‌ను బలవంతంగా రప్పించడం

చదివి సరిచేసింది నడిపి చూడకపోతే సగం పనే. కెర్నల్‌ను క్యూఈఎంయూలో (వర్చువల్ మెషీన్‌లో) నడపడానికి ఈ ఆప్షన్లతో బిల్డ్ చేయండి: ఫాల్ట్ ఇంజెక్షన్, దాని డీబగ్‌ఎఫ్‌ఎస్ (సెట్టింగుల ఫైళ్లు), ఫెయిల్‌స్లాబ్ (మెమరీ కేటాయింపులను విఫలం చేసేది), కాసాన్ (ఫ్రీ అయిన మెమరీ వాడకాన్ని పట్టేది), కేమెమ్‌లీక్ (లీకులు పట్టేది), ప్రూవ్ లాకింగ్ (లాక్ తప్పులు పట్టేది), డీఎంఏ ఏపీఐ డీబగ్, నెట్‌డెవ్ రిఫరెన్స్ ట్రాకర్.

1. ఫెయిల్‌స్లాబ్ డైరెక్టరీలో ఇగ్నోర్-జీఎఫ్‌పీ-వెయిట్‌ను ఎన్ చేయండి. డిఫాల్ట్‌గా అది వై, అంటే నిద్రపోగల (మెమరీ కోసం వేచి ఉండగల) కేటాయింపులు అసలు విఫలం కావు. ప్రోబ్‌లో ఉండేవి దాదాపు అన్నీ అవే కాబట్టి ఇది మార్చకపోతే ఏ బగ్గూ లేనట్టే కనిపిస్తుంది.

2. చిన్న సీ ప్రోగ్రామ్ రాయండి. అది తన థ్రెడ్‌కి చెందిన ఫెయిల్-ఎన్‌త్ ఫైల్‌లో 1 రాసి, పరీక్షించాల్సిన పని చేయాలి: ఇంటర్‌ఫేస్ అప్ చేయడం, లేదా సిస్‌ఎఫ్‌ఎస్ బైండ్ ఫైల్‌లో రాయడం. తర్వాత ఫెయిల్-ఎన్‌త్‌ను చదవాలి. 0 వస్తే ఆ కేటాయింపు విఫలమైనట్టు. అయినదాన్ని వెనక్కి తీసి, 2తో, 3తో అలా సాగాలి. ధన సంఖ్య వస్తే విఫలం చేయాల్సిన కేటాయింపులు అయిపోయాయని అర్థం, అక్కడ ఆగాలి. షెల్‌లో ఎకోతో కూడా చేయొచ్చు కానీ షెల్ సొంత కేటాయింపులు లెక్కలో కలిసిపోతాయి.

3. ఫెయిల్-ఎన్‌త్ ఆ ఒక్క టాస్క్‌కే పనిచేస్తుంది. ప్రోబ్ వర్క్‌క్యూలో (కెర్నల్ నేపథ్య థ్రెడ్‌లో) నడిస్తే దానికి తగలదు. అప్పుడు ఫెయిల్‌స్లాబ్‌లో ప్రాబబిలిటీ, టైమ్స్ పెట్టి, టాస్క్-ఫిల్టర్‌ను ఎన్‌గా ఉంచి నడపాలి.

4. ప్రతి విడత తర్వాత డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూడండి. కేమెమ్‌లీక్‌కి స్కాన్ ఆదేశం ఇచ్చేముందు కొన్ని సెకన్లు ఆగండి, 5 సెకన్లు నిండని కేటాయింపులను అది చూపించదు.

డీఎంఏ మ్యాపింగ్ వైఫల్యం ఫెయిల్‌స్లాబ్‌తో రాదు. చెక్ దగ్గర ప్రతి నూరో మ్యాపింగ్‌ను విఫలమైనట్టు చూపే తాత్కాలిక కౌంటర్ ఒకటి పెట్టండి. అయితే ఆ మ్యాపింగ్ నిజానికి జరిగింది కాబట్టి, మీ కౌంటర్ విఫలం చేసినప్పుడు దాన్ని కూడా విప్పాలి, లేకపోతే డీఎంఏ డీబగ్ మీ పరీక్షనే తప్పు పడుతుంది. పంపే పాచ్‌లోంచి ఆ కౌంటర్ తీసేయడం మరవకండి.

పాచ్ పంపడం

ఒక బగ్గుకి ఒక పాచ్. లేబుళ్ల పేర్లు మార్చడం, ఖాళీలు సర్దడం అందులో కలపకండి. స్టేబుల్ కెర్నళ్లకి తీసుకెళ్లేవారికి అవి అడ్డు. సబ్జెక్ట్‌లో నెట్ ట్రీకి (బగ్ ఫిక్సులు వెళ్లే ట్రీ) అని గుర్తు పెట్టండి, శుభ్రం చేసే పనులు వేరుగా నెట్-నెక్స్ట్‌కి వెళ్తాయి. గిట్ బ్లేమ్‌తో బగ్గును తెచ్చిన కమిట్ పట్టుకుని, 12 అక్షరాల హాష్‌తో, దాని శీర్షికతో ఫిక్సెస్ ట్యాగ్ రాయండి. ఫైల్‌ని చివరగా తాకిన కమిట్ కాదు, ఆ తప్పు మొదటిసారి వచ్చిన కమిట్ కావాలి. వివరణలో ఏ కాల్ విఫలమైతే ఏది లీకవుతుందో, యూజర్‌కి ఏం కనిపిస్తుందో చెప్పండి. హార్డ్‌వేర్ లేక కంపైల్ మాత్రమే చేసి ఉంటే ఆ మాటా రాయండి. సమీక్ష వచ్చాక కొత్త వెర్షన్‌కి కనీసం 24 గంటలు ఆగాలి. ఆ లోపు అదే డ్రైవర్‌లో మిగతా గోటూలు చూసుకోవచ్చు, ఒక లేబుల్ తప్పున్నచోట రెండోది కూడా తరచుగా దొరుకుతుంది.